పందొమ్మిది మందీ హాజరు

ట్యాబులు రాకముందు ఆ బడి చదువు ఎంత సక్కగా ఏడ్చేదో కవూతాకు బాగా తెలుసు. తనూ అక్కడే చదువుకుంది మరి. వారంలో రెండు రోజులు పంతులు వచ్చేవాడే కాదు. వచ్చిన రోజున నల్లబల్ల మీద నాలుగు ముక్కలు గిలికి, తుమ్మచెట్టు నీడలో కుర్చీ వేసుకుని గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. ఏడో తరగతికి వచ్చినా సగం మందికి సొంత పేరు తప్ప మరో ముక్క రాయడం చేతనయ్యేది కాదు.

మూడేళ్ళ కిందట నైరోబీ నుంచి ఒక సంస్థవాళ్ళు వచ్చి బడిని చేతిలోకి తీసుకున్నారు. టీచరుకో ట్యాబు ఇచ్చారు. ఏ నిమిషానికి ఏం చెప్పాలి, ఏ ప్రశ్న అడగాలి, జవాబు కోసం ఎన్ని క్షణాలు ఆగాలి, అంతా అందులోనే ఉంటుంది. టీచరు చూసి చదివితే చాలు. హైస్కూలు గట్టెక్కడమే గగనమైన కవూతా ఇరవై నాలుగేళ్ళకే నలుగురి చేత టీచరమ్మ అనిపించుకుంటోందంటే అంతా ఆ ట్యాబు చలవే. అబద్ధం ఎందుకు చెప్పాలి, చదువు కూడా వచ్చింది. నాలుగో తరగతిలో మ్వేలు అనే పిల్ల ఉంది. పోయిన ఎండల్లో వాళ్ళ నాన్న కిమేవు మేకలకు నులిపురుగుల మందు తెస్తే, సీసా మీది ఇంగ్లీషు చదివి, "నాన్నా, మూత నిండా కాదు, సగమే పట్టాలట" అంది. అదే మందు పొరుగాయన మూత నిండా పట్టి నాలుగు మేకల్ని చంపుకున్నాడు. ఇక కిమేవు నోటికి పట్టపగ్గాల్లేవు. సంతలో కనబడినవాడినల్లా ఆపి, "మా పిల్ల చదివింది, నా మేకలు బతికాయి" అని చెప్పేవాడు.

అయితే ఆ ట్యాబు చెప్పి ఊరుకునే రకం కాదు. చూస్తుంది, వింటుంది, రాసుకుంటుంది. పేజీ ఎప్పుడు తిప్పారు, టీచరు గొంతు వినబడుతోందా లేదా, ట్యాబు బడి ఆవరణ దాటిందా, అన్నీ లెక్కే. పాఠం మధ్యలో ఆగితే ఎర్రమార్కు. మూడు ఎర్రమార్కులు పడితే ఇంటికి పొమ్మన్నట్టే. కవూతాకు అప్పటికే రెండు పడ్డాయి. మొదటిది, ఒక పిల్లవాడికి మూర్ఛ వచ్చి వాడిని భుజాన వేసుకుని ఇంటికి పరిగెత్తినందుకు. రెండోది, బల్ల కింద తేలు కనబడితే పాఠం ఆపి పిల్లలంతా కలిసి దాన్ని చంపినందుకు. పదకొండు నిమిషాల ఆలస్యమట. ఆఫీసులో కూర్చున్నవాళ్ళ పాదాల దగ్గరికి తేలు వస్తే ఎన్ని నిమిషాల్లో చంపుతారో చూడాలి!

ఇక వాగు సంగతి. బడికి, పిల్లల ఇళ్ళకు మధ్య కైంది వాగు ఉంది. ఏడాదిలో పది నెలలు అందులో ఇసుక తప్ప ఏమీ ఉండదు. ఇసుకలో చెలమలు తవ్వుకుని, చుట్టూ ముళ్ళకంప వేసుకుని, నాలుగైదు ఇళ్ళవాళ్ళు ఒక్కో చెలమలో నీళ్ళు తోడుకుంటారు. అందుకే ప్రతి పిల్లా పలకా పుస్తకం మరిచినా పసుపురంగు నీళ్ళ డబ్బా మరవదు. సాయంత్రం బడి వదిలాక చెలమ దగ్గర వరసలో కూర్చుని, ఊరిన నీళ్ళు చిప్పతో తోడి, డబ్బా నింపుకుని ఇంటికి పోవాలి. ఖాళీ డబ్బాతో గడప తొక్కితే తల్లి వీపు విమానం మోత మోగిస్తుంది.

మిగతా రెండు నెలల్లో ఆ వాగును నమ్మడానికి లేదు. ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది, పడమటి కొండల్లో ఎక్కడో వాన కురుస్తుంది, కాసేపటికి గోడంత నీళ్ళు ఇసుక మీదికి దొర్లుకుంటూ వచ్చేస్తాయి. పూర్వం కొండల మీద నల్లబడగానే బడి వంటామె మ్బూలా అవ్వ చెట్టుకు వేలాడే లారీ చక్రం రిమ్మును ఇనపకడ్డీతో బాదేది. ఆ చప్పుడు వింటే పాఠం లేదు, గీఠం లేదు, టీచర్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వాగు దాటించి వచ్చేవారు. ఒకవేళ నీళ్ళు ముందే వచ్చేస్తే అవతలి పిల్లలు ఆ రాత్రికి ఇవతలి ఊరి ఇళ్ళలో తలా ఒకచోట తిని పడుకునేవారు. అది అందరికీ అలవాటే, ఏ తల్లీ కంగారుపడేది కాదు. ట్యాబులు వచ్చాక మాత్రం రిమ్ము కొట్టడం మాన్పించారు. బడి ఎప్పుడు వదలాలో ట్యాబే చెబుతుంది కదా అన్నారు.

అది నవంబరు నెల, ఒక గురువారం. మధ్యాహ్నం కింది తరగతుల పిల్లలు తిని వెళ్ళిపోయారు. సంస్థ వచ్చాక ఆ బడిలో నాలుగే పెద్ద తరగతి, అదొక్కటే మిగిలింది. పందొమ్మిది మంది, అందరూ అవతలి ఒడ్డువాళ్ళే. ఇవతలి ఊరివాళ్ళు తమ పిల్లల్ని చర్చి బడికి పంపుకుంటారు. మ్బూలా అవ్వ మొక్కజొన్నలూ బీన్సూ కలిపి ఇస్యో ఉడికించిన గిన్నె కడుగుతూ, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పడమటికి చూసింది.

"ఏమే పిల్లా, కొండలు చూశావా?"

కవూతా చూసింది. ఇక్కడ నడినెత్తిన ఎండ. అక్కడ మాత్రం కొండల మీద మసి పూసినట్టుంది.

"దూరంగా ఉందిలే అవ్వా."

"దూరం నీకు గానీ వాగుకేం? నీళ్ళు నడిచొస్తాయటే, పరిగెత్తుకొస్తాయి. నా మాట విను. పాఠం మొదలెట్టకముందే పిల్లల్ని తీసుకుపో. పంపడం కాదు, నువ్వే దగ్గరుండి దాటించు. వాళ్ళు వట్టి కోతులు."

"మూడో ఎర్రమార్కు పడితే నువ్వు పెడతావా నాకు తిండి?"

"పెడతా. ఇస్యో తప్ప ఏమీ ఉండదు, తింటావా?" అంది అవ్వ. నవ్వింది గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని, మోకాళ్ళ నొప్పితో కుంటుకుంటూ మిట్ట మీది తన ఇంటికి బయల్దేరింది.

కవూతాకు మనసు ఒప్పలేదు. మేనేజరు మున్యోకి గదికి వెళ్ళింది. ఆయన రోజూ రెండింటికి గుట్ట ఎక్కుతాడు. సిగ్నల్ అక్కడే దొరుకుతుంది. ఆఫీసుకు లెక్కలు పంపి నాలుగింటికి దిగుతాడు. అప్పటికే సంచీ భుజాన తగిలించుకున్నాడు.

"సార్, ఇవాళ పిల్లల్ని ముందే వదిలేద్దామా? వాగు వచ్చేలా ఉంది."

మున్యోకి ఫోను తీసి చూపించాడు. "ఇదిగో, పొద్దున్నే ఆఫీసు నుంచి వచ్చింది. మన బడి దగ్గర రోజంతా ఎండే. సూర్యుడి బొమ్మ కనబడటం లేదూ?"

"బడి దగ్గర ఎండే సార్. వాన కొండల్లో."

"కొండల్లో మన బడి లేదుగా తల్లీ! ముందే వదలాలంటే ఒక రోజు ముందు అర్జీ పెట్టుకోవాలి. రేపటి వాగుకు ఇవాళ పెట్టుకో, పంపిస్తా." తన జోకుకు తానే నవ్వుకుని గుట్ట దారి పట్టాడు. చెడ్డవాడేం కాదు. ఆయన ఉద్యోగమూ ఆ ట్యాబు చేతిలోనే ఉంది.

రెండింటికి పాఠం మొదలైంది. భిన్నాలు. కవూతా చూసి చదువుతోంది, పిల్లలు వంత పాడుతున్నారు. ఆమె కళ్ళు మాత్రం కిటికీలోంచి కొండల మీదికే పోతున్నాయి. మసి ఇంకా కిందికి దిగింది. మెరుపు కనబడుతోంది గానీ ఉరుము వినబడటం లేదు. రెండు ముప్పైఐదుకు ఆమెకిక కాళ్ళు నిలవలేదు. మూడున్నర దాకా ఆపి వదిలితే పిల్లలు సరిగ్గా నీళ్ళకు ఎదురెళతారు. ఇప్పుడే ఆపేస్తే ఉద్యోగం పోతుంది. అమ్మకు నడుం పడిపోయి మూడేళ్ళు, ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ జీతంతోనే.

అప్పుడు తట్టింది ఉపాయం. తట్టకపోయినా బాగుండేది.

పిల్లలు ఉన్నారో లేరో ట్యాబుకేం తెలుసు? దానికి కావాల్సింది ఆమె గొంతు, పేజీ తిప్పే వేలు. అంతేగా! ట్యాబును బల్ల మీదే ఉంచి, నోటి మీద వేలు పెట్టుకుని, పిల్లల్ని సైగ చేసి గుమ్మం బయటికి తీసుకొచ్చింది.

"గట్టిగా మాట్లాడొద్దు," గుసగుసగా చెప్పింది. "వాగు వస్తోంది. పరుగున వెళ్ళి దాటేయండి. డబ్బాలు ఇక్కడే పడేయండి."

"అమ్మో, డబ్బా లేకపోతే అమ్మ చంపేస్తుంది టీచర్!"

"మొన్న ఒకటి పోగొట్టినందుకే మా అన్న తిన్నాడు తన్నులు."

"రేపు నీళ్ళెలా తెచ్చుకోవాలి?"

లోపల పేజీ తిప్పే వేళ అవుతోంది. ఒక్క నిమిషం మించితే అది గుర్తుపెట్టుకుంటుంది. పందొమ్మిది మందితో వాదించే తీరిక ఎక్కడిది? "సరే, తీసుకుపోండి. కానీ చెలమ దగ్గర ఆగారంటే రేపు చూడండి నేనేం చేస్తానో. ఎవరూ ఆగొద్దు. మ్వేలూ, నువ్వు పెద్దదానివి. అందర్నీ తోలుకుపోయే పూచీ నీది."

"నేను చూసుకుంటా టీచర్. మీరు రారా?"

"నేను చదవాలి," అంది కవూతా.

మ్వేలు తలూపింది. ఆ పిల్లకు అది వింతగా ఏమీ అనిపించలేదు. పందొమ్మిది పసుపు డబ్బాలు తుమ్మపొదల్లోంచి దడదడలాడుకుంటూ వెళ్ళిపోయాయి. కవూతా లోపలికి వచ్చి పేజీ తిప్పింది. రెండు నలభై.

ఖాళీ బల్లలకు పాఠం చెప్పడం మొదట్లో నవ్వొచ్చింది. "పిల్లలూ, ఒక రొట్టెను నాలుగు సమాన భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని ఏమంటారు?" ఆగాలి, మూడు క్షణాలు. ఎవరూ పలకరు. "శభాష్, చాలా బాగా చెప్పారు." మళ్ళీ పేజీ. రెండోసారి, మూడోసారి అయ్యేసరికి నవ్వు పోయింది. గదిలో తన గొంతు తనకే ఎవరిదోలా వినబడింది. నడుస్తూ చదవాలని ట్యాబులో ఉంటుంది, అందుకని బల్లల మధ్య నడుస్తూ చదివింది. ఈపాటికి ఒడ్డుకు చేరుంటారు. ఈపాటికి ఇసుకలో దిగుంటారు. ఈపాటికి దాటేసుంటారు.

మూడు దాటి పది నిమిషాలయ్యేసరికి నేల సన్నగా అదిరింది. తర్వాత చప్పుడు. ఆ చప్పుడు ఏమిటో ఆ ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. కవూతా గొంతు ఆగిపోయింది. ట్యాబు తెర మీద ఆకుపచ్చ గీత పసుపురంగుకు తిరిగింది. గొంతు వినబడకపోతే అలా తిరుగుతుంది, ఇంకాసేపు ఊరుకుంటే ఎర్రబడుతుంది.

అరగంట అయింది కదా, అనుకుంది. దారి పది నిమిషాలు, వాగు ఐదు నిమిషాలు. ఎప్పుడో దాటేశారు. ఇప్పుడు వెళ్ళి మాత్రం చేసేదేముంది? అలా తనకు తానే సర్దిచెప్పుకుని, "పిల్లలూ, ఇప్పుడు రెండో లెక్క చూద్దాం" అని చదివింది. గీత మళ్ళీ ఆకుపచ్చ అయింది. మూడున్నర దాకా ఒక్క పేజీ కూడా తప్పకుండా చదివింది. చివర్న ట్యాబు హాజరు అడిగింది. పందొమ్మిది పేర్ల పక్కనా వేలితో నొక్కింది. పాఠం పూర్తి, నూటికి నూరు అని తెర మీద చుక్కలు మెరిశాయి. ట్యాబును మేనేజరు గది పెట్టెలో పెట్టి, అప్పుడు పరిగెత్తింది.

వాగు ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఎర్రటి బురదనీళ్ళు. చెలమల ముళ్ళకంపలు, దుంగలు, ఒక చచ్చిన గొర్రె కొట్టుకుపోతున్నాయి. అవతలి ఒడ్డున పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూడా. ఆమెను చూడగానే అందరూ చేతులు ఊపుతూ అరిచారు. హోరులో ఒక్క ముక్క వినబడలేదు. అందరి చేతులూ ఒకేవైపు చూపిస్తున్నాయి, వాగు పోయే దిక్కుకు.

కవూతా లెక్కపెట్టింది. పద్దెనిమిది. మళ్ళీ లెక్కపెట్టింది. లెక్కపెట్టక్కర్లేదు కూడా. అందరికన్నా ఒక తల పొడుగుండే పిల్ల కనబడటం లేదు.

ఏం జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పనవసరం లేదు. చిన్నప్పుడు తనూ అదే చేసేది. పెందలాడే వదిలితే చెలమ దగ్గర వరస ఉండదు, మధ్యాహ్నం నుంచి ఊరిన తేటనీళ్ళన్నీ తమవే. ఆ నీళ్ళు వదిలి ఏ పిల్ల ముందుకు పోతుంది? దగ్గర పెద్దవాళ్ళు లేరు. ఒక్కొక్కరినీ జబ్బ పట్టి లేపి, ఒడ్డు మీదికి తోలి, అందరికన్నా వెనకబడింది మ్వేలు. ఇదంతా తర్వాత పిల్లలు చెప్పారు గానీ, కవూతాకు ఆ ఒడ్డున నిలబడినప్పుడే తెలిసిపోయింది.

మనుషుల్ని పిలవాలి. వాగు వంపు దగ్గర పడిపోయిన మేడిచెట్టు ఉంది, కొట్టుకొచ్చినవన్నీ దానికే తగులుకుంటాయి. ఊళ్ళో మగవాళ్ళు తాళ్ళతో వెళితే ఏమో, ఇంకా ఏమో! రొప్పుకుంటూ బడికి వచ్చింది.

బడి ముందు మున్యోకి, కిమేవు నిలబడి నవ్వుకుంటున్నారు. కిమేవు ఇవతలి ఒడ్డు సంతలో మేకపోతును అమ్ముకుని అటునుంచే బడికి వచ్చాడు, చేతిలో మందాజీలనే తీపి బూరెల పొట్లం నూనెతో తడిసి ఉంది. మున్యోకి చేతిలో కవూతా ట్యాబు ఉంది.

"ఇదిగో వచ్చింది!" అన్నాడు మున్యోకి. "చూశావా కిమేవూ, నీళ్ళొచ్చింది మూడుం పావుకు లోపే, గుట్ట మీంచి నేనే విన్నా. పిల్లలు మూడున్నర దాకా క్లాసులోనే ఉన్నారు. పందొమ్మిది మందీ హాజరు. మ్వేలు పేరు ఇదిగో. అంటే ఒక్కరూ వాగులో దిగలేదు. ఎప్పట్లాగే ఇవతలి ఇళ్ళకు పోయుంటారు." ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నువ్వు అడిగినప్పుడు వదిలేసుంటే ఏమయ్యేది? చెలమల దగ్గర ఆగి, సరిగ్గా నడివాగులో ఉండేవాళ్ళు. దేవుడే నా నోట కాదనిపించాడు."

కవూతా నోరు తెరిచింది. మాట నాలుక చివర దాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది. చెబితే ఏమవుతుంది? ఖాళీ గదికి పాఠం చెప్పిన టీచరు, లేని పిల్లలకు హాజరు వేసిన టీచరు, పసివాళ్ళను ఒంటరిగా వాగులోకి తోలిన టీచరు. భయం ఎంత సిగ్గులేనిదో ఆమెకు ఆ క్షణాన తెలిసింది.

"టీచరమ్మకు ఒకటివ్వకుండా నేను కదలను," అంటూ కిమేవు పొట్లం విప్పి ఒక మందాజీ ఆమె చేతిలో పెట్టాడు. "మా పిల్లకని తెచ్చాను. ఎవరింట్లో ఉంటుందంటారు?"

"తెలీదు," అంది కవూతా. అది అబద్ధం కాదు. అంతకన్నా హీనమైంది.

"పదండి చూద్దాం. నాతో రండి, మిమ్మల్ని చూస్తే సంబరపడుతుంది."

ఆమె అతని వెనకే నడిచింది. మొదటి ఇల్లు ఒక దర్జీది. "ఇవాళ ఎవరూ రాలేదే!" అంది అతని భార్య. ఈ ఇంటికీ ఆ ఇంటికీ మధ్య జొన్నచేలు, నడవాలి. రెండో ఇంట్లో ముసలాయన, "మొన్న వాగొచ్చినప్పుడు నలుగురు పడుకున్నారు, ఇవాళ లేరు" అన్నాడు. కిమేవు నడక వేగం పెరిగింది. ఇంకా హుషారుగానే ఉండాలని చూస్తున్నాడు. "చదువుకున్న పిల్లలు కదా టీచరమ్మా, ఎక్కడో చెట్టు కింద చేరి కథలు చదువుకుంటుంటారు" అన్నాడు. కవూతా అడుగడుగుకూ ఇప్పుడు చెబుతాను, ఆ కంచె దాటాక చెబుతాను, ఆ గేటు దగ్గర చెబుతాను అనుకుంటూ నడిచింది. చేతిలో మందాజీ నలిగి పిండయింది.

మూడో ఇల్లు మ్బూలా అవ్వది. అవ్వ గడపలో కూర్చుని ఉంది. కిమేవు అడిగింది విని ఆమె తల తిప్పింది. కవూతా మొహం చూసింది.

"ఏం చేశావే?" అంది.

అప్పుడు చెప్పింది కవూతా. మూడింటికి క్లాసులో ఎవరూ లేరని, రెండు నలభైకే పంపేశానని, అవతలి ఒడ్డున పద్దెనిమిది మందే ఉన్నారని. ఒక్క గుక్కలో చెప్పేసింది. కిమేవుకు ముందు అర్థం కాలేదు. "ట్యాబులో ఉంది కదా" అన్నాడు. తర్వాత పొట్లం అక్కడే పడేసి వంపు వైపు పరిగెత్తాడు. అవ్వ పెట్టిన కేకలకు ఇళ్ళలోంచి మగవాళ్ళు తాళ్ళు పట్టుకుని వచ్చారు.

మ్వేలు మేడిచెట్టు దగ్గరే దొరికింది. కొమ్మల్లో చిక్కుకుని, తల నీళ్ళ కింద ఉంది. ఇద్దరు నడుములకు తాళ్ళు కట్టుకుని దిగి తీసుకొచ్చారు. అరచేతులు రెండూ బెరడు గీసుకుని రక్తాలు కారి ఉన్నాయి, గోళ్ళనిండా చెట్టు పొట్టు. ఆ కొమ్మను చాలాసేపు పట్టుకునే ఉంది ఆ పిల్ల. వీపు మీద చరిచారు, బోర్లా వేసి నీళ్ళు కక్కించారు, నోట్లో నోరు పెట్టి ఊదారు, ఊపిరి రాలేదు. పొద్దు ఇంకా కొండల పైనే ఉంది.

అవ్వ వంగి పిల్ల పొట్ట మీద చెయ్యి వేసింది. తీయకుండా అలాగే ఉంచింది.

"ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉందిరా కిమేవూ, పోయి ఎంతోసేపు కాలేదు," అంది.

కిమేవు కూతురి పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తిట్టలేదు, మీద పడలేదు. తల ఎత్తి కవూతాను చూసి, నిజంగా తెలియక అడిగేవాడిలా అడిగాడు.

"మూడిళ్ళు తిరిగాను కదా టీచరమ్మా. నువ్వు నా వెనకాలే ఉన్నావు కదా."